బెంచీకి రెండు చివర్లు: మా కరుణమ్మ టీచరు

“నేను పోను పెద్దమ్మా. నాతోని గాదు.”

“ఎందుకు గాదు? ఇన్నాళ్లూ మా అరుగు మీద బెంచీ అరగదీసింది దేనికి మరి?”

“టీచరమ్మని మట్టిల పెట్టే యాల్లకు నేను ఆడ కుర్చీల కూసోని ఐదర్, ఆర్ అని రాయాల్నా? జెర మీరే సోచాయించుండ్రి.”

“ఆలోచించే చెబుతున్నాను. ఈ ఇంగ్లీషు పరీక్ష మళ్లీ పెడతారా?”

“పెట్టరు. గిదే ఆఖరిది అన్నరు.”

“తప్పితే?”

“తప్పితే ఏమున్నది, ఇంట్ల కూసునుడే. నౌకరీ పాయె.”

“ఇంట్లో పెళ్లాం, పిల్లలు. అన్నీ తెలిసే పోనంటున్నావా?”

“తెల్సు పెద్దమ్మా. పరీక్ష మళ్ల పెట్టరు, సరే. టీచరమ్మని మళ్ల ఎప్పుడు సాగనంపుత? అది జెప్పుండ్రి మీరు.”

జవాబు లేనప్పుడు నేను గొంతు పెంచుతాను. “పోయినదానికి నువ్వొచ్చావో రాలేదో తెలియదయ్యా! ఉన్నవాళ్లకు తెలుస్తుంది, పొయ్యి మీద ఏం లేకపోతే!” అన్నాను. మా ఎదురింటి ఖాజా మియా టోపీ తీసి మోకాలి మీద పెట్టుకుని తల వంచాడు. మా వెనక గదిలో ఆ పోయిన మనిషి తెల్లదుప్పటి కింద పడుకుని ఉంది. ఆమె ముందు ఇంత గట్టిగా మాట్లాడితే, బతికుండగా అయితే, “వదినా, పక్కింటికి వినిపించాలనా?” అని ఉండేది.

పోయింది మా ఆడబిడ్డ కరుణమ్మ. కాలం చేసిన నా భర్తకు స్వయానా చెల్లెలు. సీతాఫల్‌మండి అంతటికీ టీచరమ్మ. ఆ మధ్యాహ్నం అన్నం తిని, “మజ్జిగ చాలు వదినా, పిల్లలకుంచు” అని, చాప పరచుకుని నడుము వాల్చింది. టీ వేళకు లేపబోతే లేవలేదు. డాక్టరు వచ్చి, చెయ్యి పట్టుకు చూసి, గుండె నిలిచిపోయిందని చెప్పి, చేతులు కడుక్కుని వెళ్లాడు. ముందు రోజు జ్వరం లేదు, ఒళ్లు నొప్పి అన్న మాటా లేదు. పొద్దున పాఠం చెప్పిన మనిషి సాయంకాలానికి లేదు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు. పరామర్శకు వచ్చినవాళ్లకు చాప వేస్తున్నాను, మంచినీళ్లిస్తున్నాను, వాళ్లు ఏడుస్తుంటే కూర్చుని చూస్తున్నాను.

ఆమె పనిచేసిన బడివారు తమ సంచికలో వేయడానికి ఆమెను గురించి ఎవరైనా ఇంటివారు రాయాలన్నారు. ఇంట్లో చదువుకున్నది ఆమె ఒక్కతే. నేను మిషను బడిలో మూడో తరగతి వరకే. అయినా ఆమెతో ఒకే వంటింట్లో జీవితం గడిపినదాన్ని నేను గనక రాస్తున్నాను. ఆమెను ఎరిగినవారు ఇందులో తప్పులుంటే దిద్దుకోగలరు. ఎరగనివారు ఇటువంటి మనిషి ఒకతె ఈ వీధిలో ఉండేదని తెలుసుకోగలరు.

కరుణమ్మ పొట్టి మనిషి. సన్నంచు తెల్లచీర, చేతిలో నల్లగొడుగు, చెంగు ముడిలో సుద్దముక్క. ఒంగోలు వైపు మా ఊరి నుంచి నా భర్త రైల్వే ఉద్యోగానికి సికింద్రాబాదు వచ్చినప్పుడు, అన్నగారి వెంట ఈమె వచ్చింది. పెళ్లి మాట ఎవరెత్తినా, “బడిలో నాకు అంతమంది పిల్లలుండగా ఇంకా ఎందుకు?” అనేది. పగలు బడిలో పెద్ద తరగతులకు ఇంగ్లీషు వ్యాకరణం. పొద్దునా సాయంత్రం మా ఇంటి అరుగు మీద వీధి పిల్లలకు అదే పాఠం. కొందరు విద్యను కొండెక్కించి కూర్చోబెడతారు. ఆమె అరుగు మీదికి దింపి కూర్చోబెట్టింది. ఎవరినీ ఏమీ అడిగేది కాదు. చెప్పులు బయట విడవాలి, ముక్కు చీదుకుని రావాలి, ఆ రెండే ఆమె షరతులు.

ఆమె పాఠం చెప్పే తీరు ఒకటుంది. దాన్ని చూసినవాళ్లు మరిచిపోరు. ఇంగ్లీషులో రెండు వాక్యాలను ఒకటిగా కలపడానికి జంట మాటలుంటాయట. ఐదర్ అంటే వెనక ఆర్ రావాలి. నైదర్ అంటే నార్. బోత్ అంటే అండ్. నాట్ ఓన్లీ అంటే బట్ ఆల్సో. ఈ పాఠం దగ్గర మన పిల్లలు ఏళ్లకేళ్లు ఆగిపోతారని ఆమె అనేది. పుస్తకంలో ఉన్న వాక్యాలు బట్టీపట్టి, ఇంకో వాక్యం ఇస్తే నోరు తెరుస్తారట. అందుకని అరుగు మీద ఒక పాత బెంచీ వేసింది. దాని రెండు చివర్లలో ఇద్దరిని కూర్చోబెట్టేది. ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యం. “ఐదర్!” అంటే ఇద్దరిలో ఒక్కరే లేవాలి. “నైదర్!” అంటే ఇద్దరూ కూర్చునే ఉండాలి. “బోత్!” అంటే ఇద్దరూ ఒక్కసారి లేవాలి. “నాట్ ఓన్లీ!” అంటే ముందు ఒకరు, ఆ వెంటనే రెండోవారు. పొరపాటున లేచినవాడిని చూసి మిగతావాళ్లు నవ్వేవారు. వాడూ నవ్వేవాడు. వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ నేను చప్పుడు బట్టే చెప్పగలిగేదాన్ని, అది ఏ మాటో.

ఇంకొక నియమం ఉంది. లేచి నిలబడ్డ ఇద్దరి తలలూ ఒకే ఎత్తులో ఉండాలి. పొట్టివాడి కాళ్ల కింద ఇటుక పెట్టేది. “ఇటు ఏం పెట్టావో అటూ అదే జాతిది పెట్టాలిరా. పనికి పని, పేరుకు పేరు. ఒకడు మేడ మీద, ఒకడు గోతిలో ఉంటే చేతులెట్లా కలుస్తాయి?” అనేది. ఇది వ్యాకరణం గురించే అన్నది. ఆమె దేని గురించి చెబితే దాని గురించే చెప్పేది. చాటున ఇంకో అర్థం పెట్టుకుని మాట్లాడే అలవాటు ఆమెకు లేదు.

మనవాళ్లు చేసే ఒక తప్పు ఆమెకు తల్చుకుంటేనే తలనొప్పి. వాన పడినా కూడా, కానీ వచ్చాను అన్నట్టు, అయినా అని చెప్పే దోతో మొదలుపెట్టి మధ్యలో కానీ అని చెప్పే బట్ కూడా పెడతారట. పిల్లలే కాదు, పంతుళ్లూ పెడతారట. అప్పుడు చెయ్యెత్తి, “ఒక మనిషికి రెండు గొడుగులెందుకు? ఒకటి దించు” అనేది. వ్యాకరణంలో నాకు అర్థమై నచ్చింది ఇదొక్కటే. దుబారా ఎక్కడున్నా దుబారాయే.

పుస్తకంలోంచి వాక్యం తెస్తే ఆమె ఒప్పుకునేది కాదు. ప్రతివాళ్లూ పొద్దున తమ ఇంట్లోంచే రెండు వాక్యాలు తేవాలి. రెండూ నిజమై ఉండాలి. కళ్లతో చూసినవై ఉండాలి. “అబద్ధాన్ని అబద్ధంతో కలిపి ఏం చేసుకుంటావు?” అని అడిగేది. దీనివల్ల వీధిలో ఏ ఇంట్లో ఏం జరిగిందో అందరికీ తెలిసిపోయేది. ఒక పిల్ల, “మా నాయన నిన్న ఇంటికి రాలేదు. మా అమ్మ అన్నం తినలేదు” అని తెచ్చింది. ఆ తల్లి సాయంత్రం వచ్చి మా గుమ్మంలో నిలబడి, “మా సంసారాన్ని బజార్ల పెడుతున్నవా టీచరమ్మా?” అని మండిపడ్డది. కరుణమ్మ ఆమెను కూర్చోబెట్టి, టీ ఇచ్చి, మర్నాటి నుంచి వాక్యం అమ్మకు చెప్పి, సరేనంటేనే తీసుకురావాలని కొత్త నియమం పెట్టింది. దానితో తల్లులు కూడా పొద్దున్నే పిల్లలతో కూర్చుని ఏ వాక్యం పంపాలా అని ఆలోచించే పరిస్థితి వచ్చింది.

మా మనవరాలు లిల్లీ మాత్రం నన్ను అడగకుండానే తీసుకువెళ్లింది. “మా నాయనమ్మ చక్కెర డబ్బాకు తాళం వేస్తుంది. మా నాయనమ్మ అగ్గిపుల్లను నిలువునా రెండుగా చీలుస్తుంది.” కరుణమ్మ, “నాట్ ఓన్లీ!” అంది. అరుగంతా లేచి కూర్చుంది. నేను వంటింట్లోంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను. పిల్లలు బిగుసుకుపోయారు. కరుణమ్మ నా వంక చూసి, “ఏం వదినా, రెండూ నిజమేనా?” అంది. నిజమేనన్నాను. “అయితే కలపొచ్చు” అని పాఠం సాగించింది. ఆ తర్వాత లోపలికి వచ్చి నా దగ్గర ముసిముసిగా నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రాత్రి కూర నేను ఎక్కువే వడ్డించాననుకుంటాను. గుర్తు లేదు.

పోలీసు యాక్షను నాటి సంగతి ఒకటి రాయాలి. ఆ సెప్టెంబరులో బడి మూసేశారు. వీధి తలుపులన్నీ బిగించుకుంది. పైన విమానాలు తిరుగుతుంటే జనం గోడవార కూర్చునేవారు. ఇరానీ హోటల్లో రేడియో ఏం చెప్పిందో ఒకరు వచ్చి చెబితే, అదే ఇంకొకరు వచ్చి వేరేగా చెప్పేవారు. కరుణమ్మ బెంచీని నడింట్లోకి జరిపించి, వెనక గోడల మీదుగా వచ్చిన పిల్లలతోనే పాఠం చెప్పింది. “విమానం వచ్చింది. బాంబు పడలేదు” అని ఒకడు తెచ్చాడు. “రెండోది రేపటికి కూడా నిజమైతే కలుపుదాం” అంది. అది పడలేదు గనక మర్నాడు కలిపారు.

తర్వాత కొన్ని రోజులకు సైన్యం ఊళ్లోకి వచ్చి అంతా సద్దుమణిగింది అన్నారు. కానీ మా ఎదురింటి తలుపు తెరుచుకోలేదు. ఆ ఇల్లు ఖాజా మియాది. తాతల నాటి నుంచి ఇక్కడివాళ్లే. ఇంట్లో తెలుగే మాట్లాడతారు. అతను సర్కారు దఫ్తరులో గుమాస్తా. ఉర్దూలో అతని దస్తూరి ముత్యాల్లా ఉంటుందని పేరు. పిల్లలు మా అరుగు మీదికి పాఠానికి వచ్చేవారు గానీ, పెద్దవాళ్లకు అప్పటికి పండక్కి సేమ్యా పంపుకునే పరిచయమే. వీధిలో ఎవరికీ ఆ తలుపు కొట్టే ధైర్యం లేదు. కొడితే ఎవరేమనుకుంటారోనని కొందరికి, కొట్టి ఏమని అడగాలోనని కొందరికి. కరుణమ్మ గొడుగు తీసుకుని వెళ్లి కొట్టింది. దీన్ని ఖాజా ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు.

“మా రహీమా వణుకుతాంది పెద్దమ్మా. ఎవరొచ్చిన్రో ఏమో అని. నేను సందులకెల్లి చూస్తే టీచరమ్మ. తలుపు తీస్తే, ఎట్లున్నరు, బాగున్నరా, ఏం అడగలే. ‘పిల్లలు రెండ్రోజుల్నుంచి పాఠానికి వస్తలేరు. ఒంట్లో బాగలేదా?’ అన్నది. అంతే. మేం భయపడుతున్నమని ఆమెకు ఎర్కనే లేనట్టు మాట్లాడింది. నాకు అప్పుడు ఏడుపొచ్చింది.”

ఆ పిల్లలు మర్నాడు వచ్చారు. తర్వాత కొంతకాలానికి తండ్రే వచ్చాడు. దఫ్తరులో కాగితాలన్నీ ఇక ఇంగ్లీషులోనే నడవాలన్నారట. ఉర్దూలో రాసిన మిసిళ్ల, అదే ఫైళ్ల, కట్టలు బీరువాల్లోకి వెళ్లాయి. ముత్యాల దస్తూరి అక్కర్లేకుండా పోయింది. ఇంగ్లీషు పరీక్ష రాసి పాసైనవాళ్లు ఉంటారు, కానివాళ్లు ఇంటికి పోతారు. ఖాజా మా గుమ్మంలో నిలబడి, వేరేగా సందె వేళ, పిల్లలు లేనప్పుడు చెబుతారా అని అడిగాడు. కరుణమ్మ ఒప్పుకోలేదు. “పెద్దవాళ్లకొక అరుగు, పిల్లలకొక అరుగు నా దగ్గర లేదు ఖాజా. బెంచీ ఒకటే. జత కావాలి” అంది. అతను ఆలోచించుకుని మర్నాడు షేర్వాణీ తొడుక్కుని వచ్చి, మా లిల్లీ పక్కన బెంచీకి రెండో చివర కూర్చున్నాడు.

ఆ పిల్ల అతని నడుము దాకా వస్తుంది. “బోత్!” అనగానే ఇద్దరూ లేచారు. తలల ఎత్తు కలవలేదు. “ఖాజా, నువ్వు వంగుతావా, అది బెంచీ ఎక్కుతుందా? మీరే తేల్చుకోండి” అంది కరుణమ్మ. “బిడ్డనే ఎక్కియ్యండ్రి టీచరమ్మా. నేను దఫ్తర్ల వంగి వంగి నడుం పోయింది” అన్నాడు. అరుగు గొల్లుమంది. అదే మొదలు. ఆ తర్వాత అతనికి సిగ్గు లేదు. ఒక రోజు అయితే, “నమాజుల కంటే ఈడనే ఎక్కువసార్లు లేసి కూసుంటున్న” అని తనే నవ్వించాడు. ఇంటి ముందు నుంచి పోయే అతని దఫ్తరు స్నేహితులు ఆగి చూసేవారు. చూస్తే చూడనీ అన్నట్టు ఐదర్‌కు లేచేవాడు, నైదర్‌కు కూర్చునేవాడు.

అతను మొదటి రోజు తెచ్చిన రెండు వాక్యాలు నాకు జ్ఞాపకం. “నేను ఇంగ్లీషు నేర్వాలె. లేకుంటే నా నౌకరీ పోతది.” దాన్ని ఐదర్, ఆర్‌తో కలిపించింది. అతను బోర్డు మీది రాత చాలాసేపు చూశాడు. “ఇంగ్లీషుల సుత గంతే భయంగున్నది టీచరమ్మా” అన్నాడు.

ఇంకోసారి తెచ్చినవి వేరు. అతని తమ్ముడు కరాచీ వెళ్లిపోయిన మర్నాడు. మనిషి ముఖం మాడిపోయి ఉంది. పిల్లలకు ఏమీ తెలియదు. తన వంతు వచ్చినప్పుడు లేచి, “మా తమ్ముడు పోయిండు. నేను ఉన్న” అన్నాడు. అని, “ఏది పెట్టాలె టీచరమ్మా? నాట్ ఓన్లీనా? దోనా?” అని అడిగాడు. నేను ద్వారబంధం దగ్గర చేటతో బియ్యం చెరుగుతున్నాను. చెరగడం ఆపాను. కరుణమ్మ చెంగులోంచి సుద్దముక్క తీసి, రెండు వాక్యాలూ బోర్డు మీద రాసి, ఒక్కొక్కదాని చివర చుక్క పెట్టింది.

“దీన్ని ఇవాళ కలపొద్దు” అంది.

“పరీక్షల ఇస్తే?”

“పరీక్షలో ఇస్తే కలుపు. ఇక్కడ వద్దు. ప్రతి రెండు వాక్యాలనూ కలపాల్సిన అవసరం లేదు ఖాజా. కొన్ని ఊరికే పక్కపక్కన ఉంటాయి. చుక్క పెట్టి ఊరుకో.”

ఆమె అంతటి వ్యాకరణ పండితురాలు అలా అనడం నేను ఆ ఒక్కసారే విన్నాను. అతను కూర్చున్నాడు. తర్వాతి పిల్లవాడు లేచి తన వాక్యాలు చెప్పాడు, పాఠం సాగింది. అనుకంప, సహానుభూతి అని పెద్ద మాటలు మా చర్చి గుళ్లో వింటుంటాం. అవి ఎట్లా ఉంటాయో అడిగితే నేను ఆ రెండు చుక్కలు చూపిస్తాను.

పరీక్ష దగ్గరపడేకొద్దీ కరుణమ్మ తన అన్నం మీద కన్నా అతని చదువు మీద ధ్యాస పెట్టింది. పోయిన రోజు పొద్దున కూడా, పాఠం ముగించి లోపలికి వస్తూ, “ఎల్లుండి కాదు, రేపే వదినా ఖాజా పరీక్ష. పాసవుతాడు. తలకు కుదురు వచ్చింది” అంది. అవి ఆమె నాతో అన్న ఆఖరి మాటలకు ముందు మాటలు. ఆఖరివి మజ్జిగ గురించి.

ఆ సాయంత్రం పాస్టరుగారు వచ్చి ప్రార్థన చేసి, ఎండలు ముదిరాయి గనక ఆలస్యం వద్దని, మర్నాడు పొద్దున తొమ్మిదింటికి సమాధి కార్యక్రమం అని నిర్ణయించారు. తొమ్మిదిలోపు బడి నుంచి హెడ్‌మిస్ట్రెస్సుగారూ పిల్లలూ పూలదండతో వచ్చి, ఇంటి ముందు కీర్తన పాడతామన్నారు. ఖాజా పరీక్ష పదింటికి. అది హుసేన్‌సాగరు అవతల, నగరం వైపు. బస్సు పట్టుకుని ముందుగా చేరుకోకపోతే గేటు మూసేస్తారు. తొమ్మిదికి శవపెట్టె లేస్తే అతనికి రెండూ కుదరవు. అందుకే నేను పైన రాసిన వాదులాట జరిగింది.

ఖాజావాళ్లలో శవం వెంట నడవడం, పాడెకు భుజం ఇవ్వడం విడిచిపెట్టరాని బాధ్యత. అయినవాళ్లే కాదు, దారిన పోయేవాళ్లు కూడా నాలుగడుగులు భుజం పట్టి పోతారు. “కందా ఇయ్యకుంట పరీక్షకు పోతే నా చెయ్యి కలం పట్టది పెద్దమ్మా” అన్నాడతను.

“ఆమె ఉంటే పొమ్మనేది. ఆమె మాటే నేను చెబుతున్నాను.”

“ఆమె అంటే ఇంటుంటి. మీరంటున్నరు.”

“నేనంటే లెక్కలేదా?”

“మీరంటే భయం గూడ ఉన్నది. కానీ గిది వినను.”

అతని భార్య రహీమా గేటు దగ్గర నిలబడి అంతా విన్నది. ఆమె ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి. నా వంక చూసింది, అతని వంక చూసింది. “పిల్లలకు అన్నం పెట్టాలె, రాండ్రి” అని మాత్రం అని అతన్ని తీసుకుపోయింది. పోతానని గానీ పోనని గానీ చెప్పకుండా అతను వెళ్లాడు.

నేను లేచి పాస్టరుగారి ఇంటికి వెళ్లాను. ఆయన భోజనానికి కూర్చోబోతున్నారు.

“అయ్యగారూ, తొమ్మిదికి కాదు. ఏడింటికి లేపండి.”

“ఏమ్మా, ఎందుకు? బడివాళ్లు తొమ్మిదికి కదా వస్తామన్నది?”

“ఎండ ఎక్కువ.”

“ఎండ తొమ్మిదికీ ఉంటుంది, ఏడుకూ ఉంటుంది. పిల్లలు పాడాలని ఎంతో ఆశగా ఉన్నారమ్మా. టీచరుగారి ఆఖరి గౌరవం.”

“బడికి కబురు పంపుతాను. నేరుగా సమాధుల దగ్గరికి వస్తారు.”

ఆయన నా ముఖంలోకి చూశారు. ఇన్నేళ్లుగా నన్ను ఎరుగుదురు గనక కారణం మళ్లీ అడగలేదు. “మీ ఆడబిడ్డ, మీ ఇష్టం” అన్నారు. నేను ఇంటికి వచ్చి ఆమె దగ్గర కూర్చున్నాను.

ఇక్కడ ఆమె సద్గుణాలను ఏకరువు పెట్టడం రివాజు. ఆమె ఎందరికో విద్యాదానం చేసింది. ఎవరినీ మాటతో నొప్పించలేదు. చేతిలో ఉన్నది చూసుకోకుండా ఇచ్చింది; అది నాకు నచ్చేది కాదు. ఆమె స్థానంలో బడివారు ఇంకొక టీచరును వేసుకున్నారని విన్నాను. వేసుకోవలసిందే. పిల్లల చదువు ఆగకూడదు. ఆ అమ్మాయి బాగానే చెబుతుందట. కానీ పొద్దున ఇంటింటా పిల్లల నోట ఏ రెండు నిజాలు పంపాలా అని తల్లులు ఆలోచించే వీధి ఇక లేదు. అరుగు తుడుస్తున్నాను, పిల్లలు రావడం లేదు. వంటింట్లో కూర్చుంటే బయట చప్పుడు లేదు. ఎవరు లేచారు, ఎవరు కూర్చున్నారు అని చెవి అటు పెడుతున్నాను. నా చెవికి ఇంకా తెలియలేదు కాబోలు. ప్రభువు ఆమెను పిలుచుకున్నాడని అందరూ అంటున్నారు. పిలుచుకున్నాడు. అక్కడ ఆమెకు బెంచీ ఒకటి వేయించి ఉంటే చాలు.

మర్నాడు పొద్దున జరిగింది ఇది.

బడికి కబురు తీసుకువెళ్లిన మనిషికి అక్కడ తాళం కనిపించింది. పిల్లలు ఆ రోజు హెడ్‌మిస్ట్రెస్సుగారింట్లో దండ కట్టడానికి కూడారట. అది మాకు తర్వాత తెలిసింది. ఏడింటికి పెట్టె లేచింది. ఖాజా మామూలు కమీజుతో వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే ముందు వైపు కుడి భుజం అందుకున్నాడు. పొద్దుటే ఎందుకు లేపుతున్నారని అడగలేదు. అడిగితే నేను చెప్పేదాన్ని కాదు. గేటు దాటి, సందు దాటి, పెద్ద రోడ్డు దాకా మోశాడు. మధ్యలో ఇద్దరు ముగ్గురు భుజం మారుస్తామన్నారు. ఇవ్వలేదు.

పెద్ద రోడ్డు మలుపులో రహీమా నిలబడి ఉంది. చేతి మీద మడత పెట్టిన షేర్వాణీ, పైన హాలు టికెట్టు, కలం. అదీ నేను చెప్పి చేయించింది కాదు. ఆమెకే తోచింది.

నేను వెనక నుంచి ముందుకు నడిచి అతని పక్కకు వెళ్లాను. “చాల్లే ఖాజా. దిగు” అన్నాను. అతను దిగలేదు. ఇంకో నాలుగడుగులు వేశాడు. “దిగమంటుంటే” అన్నాను. అప్పుడు వెనకాల ఉన్న అబ్బాయి తన భుజం అతని భుజం పక్కన పెట్టాడు. పెట్టె కదలకుండా బరువు మారింది. ఖాజా పక్కకు జరిగి రోడ్డు అంచున నిలబడ్డాడు. పెట్టె దాటేదాకా అరచేతులు ముఖం ముందు పట్టుకుని ఏదో చదువుకున్నాడు. మేము సమాధుల వైపు తిరిగాం. నేను వెనక్కి చూడలేదు. అతను బస్సెక్కాడని రహీమా తర్వాత చెప్పింది.

సమాధుల దగ్గర పాస్టరుగారు వాక్యం చదివారు. మేము మట్టి వేశాం. మట్టి పూడ్చి, చదును చేసి, పారలు పక్కన పెట్టాక బడి పిల్లలు పరుగు పరుగున వచ్చారు. మా ఇంటికి వెళ్లి, ఖాళీ అరుగు చూసి, ఎవరో చెబితే ఇటు వచ్చారు. చెమటలు. ఇద్దరు పిల్లలు దండ చెరో కొస పట్టుకుని ఉన్నారు. వాళ్ల వెనక హెడ్‌మిస్ట్రెస్సుగారు వచ్చి, మట్టిదిబ్బ చూసి, నా వైపు తిరిగారు. ఆవిడ కళ్లలో కోపం, నీళ్లు, రెండూ ఉన్నాయి.

“మేము వస్తామని తెలుసు కదమ్మా! తొమ్మిదికి అన్నారు కదా! కాసేపు ఆగలేకపోయారా?”

“ఒకతనికి పరీక్ష ఉంది” అన్నాను.

ఆవిడ పిల్లల వైపు తిరిగి, దండ పెట్టమన్నారు. పెట్టారు. ఆ తర్వాత అక్కడే, ఎండలో నిలబడి, పాడాల్సిన కీర్తన పాడారు.